తొట్టి కారులో కృష్ణ అవతలికి

కారులో సింహళం వెళ్ళి రావాలనుకుంటున్నానని చెప్తే నరసరావుపేటలో నవ్వని మనిషి ఒక్కడే, మెకానిక్కు మస్తాన్. మిగిలిన వాళ్ళలో కొందరు నా ముందే నవ్వారు, కొందరు నేను వీధి మలుపు తిరిగేదాకా ఆగారు. నిజానికి ఆలోచన నాది కాదు, మావారిది. ఆయన నాపరాళ్ళ కాంట్రాక్టరు. యుద్ధం ముగిసి ఇంగ్లీషు రైల్వే ఇంజనీరు ఒకాయన స్వదేశానికి వెళ్ళిపోతూ తన రెండు సీట్ల కారును అమ్ముకుంటుంటే, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా కొనుక్కొచ్చారు. పైకప్పు లేదు. కూర్చుంటే నేల చేతికందుతుంది. శబ్దం మాత్రం రైలింజనుకు తగ్గదు. వీధిలోకి వచ్చిన మొదటి రోజే పేట జనం దానికి తొట్టి కారు అని పేరు పెట్టేశారు. మావారు వసారాలో నాపబండ మీద సుద్దముక్కతో గీత గీసి చూపించేవారు. ఇదిగో మద్రాసు, ఇది తిరుచినాపల్లి, ఇక్కడ మండపం దగ్గర కారును రైలుబండి మీదికి ఎక్కిస్తారు, వంతెన దాటి ధనుష్కోటి, అక్కణ్ణించి స్టీమరులో తలైమన్నారు, ఆపైన సింహళమంతా మనదే అనేవారు. ఆ గీత మండపం దాకా చెరిగిపోయింది కానీ సముద్రం ఇంకా కనిపిస్తుంది. మనిషే లేడు. జ్వరం తగిలి వారం తిరక్కుండా పోయారు. నేను ఎల్.ఎం.పి. చదివిన డాక్టర్ని. ఈ తాలూకాలో ఎంతమందికో జ్వరం దించాను, ఆయనకు దించలేకపోయాను. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కారు ఏడాది పైన షెడ్డులో మూల పడివుంది. గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన కొంటానని రెండుసార్లు కబురు పెట్టారు, సోమవారం స్వయంగా వస్తానన్నారు. అమ్మేస్తే పోతుంది కదా అని అందరూ అన్నారు. పోతుంది, నిజమే. ఆ మాటే నాకు నచ్చలేదు. మావారు ఉండగా స్టీరింగు ఒక్కసారైనా నా చేతికిచ్చింది లేదు. నేర్పమంటే "ఊళ్ళో నవ్వుతారు, నేనున్నానుగా" అనేవారు. ఆయన పోయి ఏడాది గడిచాక ఈ కారునే బయటికి తీయించి మస్తాన్ దగ్గర నేర్చుకున్నాను. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి, దానిమీద ఎర్రరంగుతో ఎల్ అక్షరం రాసి ముందొకటి వెనకొకటి కట్టి, లైసెన్సున్న మనిషి పక్కన కూర్చోవాలన్నది చట్టం గనక మస్తానే కూర్చుని, గేరు మార్చినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవాడు. చివరికి లైసెన్సు వచ్చింది. అయినా ఒంటరిగా పరదేశం పోవడమంటే మాటలా? "ముందు నైజాం దాటొద్దాం, తరవాత లంక" అని మావారు అంటుండేవారు. పల్నాడు వాళ్ళకు అన్నిటికన్నా దగ్గరి పరదేశం కృష్ణ అవతలి ఒడ్డే మరి. అక్కడ రాజు వేరు, నాణెం వేరు, సుంకం వేరు. అందుకని నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున బయలుదేరి కృష్ణ దాటి, చీకటి పడేలోగా తిరిగి రాగలిగితే సింహళం వెళ్తాను. మధ్యలో ఎక్కడ వెనక్కి తిరిగినా సోమవారం కారు అమ్మేస్తాను.

ఇలాంటి ప్రయాణం తలపెట్టేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది పెట్రోలు, అదింకా రేషను మీదే. డాక్టర్లకు కూపన్లు కాస్త ఎక్కువ ఇస్తారు కానీ అవి రోగుల కోసం, విహారాల కోసం కాదు. అందుకని మూడు నెలలు నా సొంత వాటాలోంచి మిగుల్చుకుంటూ, కాన్పుల పిలుపులకు జట్కాలోనే తిరిగాను. కారు కాగితాలు, లైసెన్సు ఒక గుడ్డ సంచిలో పెట్టి మెడకు తగిలించుకోండి, పైకప్పు లేని కారులో గాలికి ఏదీ నిలవదు. నైజాం సిక్కా రూపాయలు రేవులోనే మారుస్తారు. మన ఆరు రూపాయలకు వాళ్ళవి ఏడొస్తాయి, ఆశపడి ఎక్కువ మార్చుకుంటే తిరిగొచ్చేటప్పుడు నష్టపోతారు.

ఆదివారం తెల్లవారుతుండగా మస్తాన్ వచ్చి ఇంజను మీద చెయ్యి పెట్టి, రోగి నాడి చూసినట్టు కాసేపు విన్నాడు. పెట్రోలు డబ్బా తెచ్చి పక్క సీట్లో పెట్టి తాడుతో కట్టాడు.

"అక్కడెందుకు, వెనక పెట్టు" అన్నాను.

"వద్దమ్మా. ఖాళీ సీటైతే గతుకుల్లో బండి ఒక పక్కకే లాగుద్ది. బరువుండాల" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, ఏదో అనరాని మాట అన్నవాడిలా తల గోక్కుని, "ఏం భయపడబాకండి. ఎక్కన్నా ఆగిపోతే దానెంబడే కూకోండి. వదిలేసి మాత్రం నడిచి రాబాకండి" అన్నాడు.

పేట దాటకముందే మొదటి శకునం ఎదురైంది. ఎదురైన శకునాన్ని నేనే. వితంతువు ఎదురొస్తే బయలుదేరినవాళ్ళు వెనక్కి వెళ్ళి, కాసిని మంచినీళ్ళు తాగి, కూర్చుని లేచి మళ్ళీ బయలుదేరాలి కదా. నకరికల్లు దారిలో రెండు గూడుబళ్ళు వస్తున్నాయి, పెళ్ళిచూపులకు కాబోలు. ముందు బండిలోని పెద్దాయన నన్ను చూసి గబుక్కున బండి ఆపించి దిగాడు. ఆయన్ని నేనెరుగుదును. కిందటి వానాకాలం అర్ధరాత్రి వానలో వచ్చి నా తలుపు బాదిన మనిషే. ఆయన మనవడికి బొడ్డు కోసింది నేను. ఆ రాత్రి నా మొహంలో ఏ శకునమూ కనిపించలేదాయనకు. నేను కారు నెమ్మది చేసి, "మామయ్యగారూ, మీరు నీళ్ళు తాగి లేచేలోగా నేను నకరికల్లు దాటేస్తాను. మీ ముహూర్తానికేం ఢోకా లేదు" అన్నాను. ఆయన తలపాగా సర్దుకుంటూ ఎటో చూశాడు. మనవడు ఎలా ఉన్నాడని అడిగితే మాత్రం "నీ దయవల్ల బానే ఉన్నాడమ్మా" అన్నాడు, నేలను చూస్తూనే. వేగంగా పోయే కారుతో ఈ ఒక్క సుఖం ఉంది. జనం వెనక్కి తిరిగి కూర్చునేసరికి మనం కనుచూపు మేరలో ఉండం. నవ్వుకుంటూనే వెళ్ళాను కానీ, ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన పెట్రోలు డబ్బా తప్ప ఏమీ లేదు.

నకరికల్లు దాటాక రోడ్డు నల్లరేగడి చేల మధ్య సాగుతుంది. పత్తి తీతలు అయిపోయి, చేలల్లో మోళ్ళు నిలబడివున్నాయి. చేల గట్లకు ముళ్ళ కంచెకు బదులు నిలబెట్టిన నాపబండలే. గంటకు పాతిక మైళ్ళు దాటితే చక్రాల కింది కంకర వచ్చి మడ్గార్డు రేకుకు తగులుతుంది. ఎనిమిదయ్యేసరికి పిడుగురాళ్ళ చేరాను. సున్నపు బట్టీల పొగ వల్ల ఊరు కనిపించకముందే వాసన వస్తుంది. అక్కడ రోడ్డు పక్క హోటల్లో రెండణాలకు నాలుగిడ్లీలు, గ్లాసుడు కాఫీ. కారపుపొడి బావుంటుంది, నెయ్యి మాత్రం అడక్కండి. హోటలతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, "డ్రైవరు ఏడమ్మా?" అని అడిగాడు. నేనే అన్నాను. "అది కాదు, బండి తోలేటాయన" అన్నాడు. మళ్ళీ నేనే అన్నాను. అతను రోడ్డుకు రెండువైపులా చూసి, నా మాట నమ్మకపోయినా కాదనలేక, ఇంకో ఇడ్లీ వేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

పిడుగురాళ్ళ నుంచి దాచేపల్లి పన్నెండు మైళ్ళు ఉంటుంది. ఆ పన్నెండు మైళ్ళే నన్ను ఓడించాయి. దారి చెడ్డది కాదు, ఎండా ముదరలేదు. కానీ మనుషుల్లేని రోడ్డు మీద ఒంటరిగా కారు తోలుతుంటే చూసిన ప్రతిదీ ఎవరికో చెప్పాలనిపిస్తుంది. కొంగలు లేచాయి, చూశారా అన్నాను. ఈ మలుపులో రోడ్డు బావుంది కదా అన్నాను. మూడోసారి నోరు తెరిచాక గానీ, నేను డబ్బాతో మాట్లాడుతున్నానని తెలియలేదు. సిగ్గేసింది. సిగ్గు తర్వాత దిగులు వచ్చింది. ఒక్క పూటకే ఇలా ఉంటే సింహళంలో నెల రోజులు ఎవరితో చెప్పుకుంటాను? కొండలు చూసి, సముద్రం చూసి, రాత్రికి సత్రంలో గోడను చూస్తూ కూర్చోవడానికా ఇంత దూరం? నాగులేటి చప్టా దిగేటప్పటికి మనసులో మాట ఖాయమైపోయింది. దాచేపల్లిలో కాఫీ తాగి వెనక్కి తిరుగుతాను, రేపు కారు అమ్మేస్తాను.

దాచేపల్లి సెంటర్లో ఒక పూరింటి హోటలుంది. మావారు వారానికోసారి రాళ్ళ గనుల పని మీద వచ్చినప్పుడల్లా అక్కడే భోంచేసేవారని తెలుసు, నేనెప్పుడూ చూడలేదు. కారు ఆపానో లేదో లోపల్నించి ఒకావిడ పిండి చేతులతో పరుగున వచ్చింది. నలభయ్యేళ్ళుంటాయి, రూపాయి కాసంత బొట్టు. కారునీ నన్నూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ బండి చప్పుడు ఇంటే అన్నే వచ్చాడనుకున్నా. మతిలేనిదాన్ని" అంది. పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుని, "నువ్వు మా వదినవి గదా? డాకటరమ్మవి. రా, లోపలికి రా వదినా. ఎండన నిలబడతావేంది?" అంది.

నన్ను ఎవరైనా వదినా అని పిలిచి ఎన్నాళ్ళయిందో! మావారికి సొంత చెల్లెళ్ళు లేరు. ఈవిడ పేరు నాగరత్తమ్మ, భర్త జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది, వేరుసెనగ చట్నీతో అట్టు వేసింది. నేను తింటుంటే ఎదురుగా పీట వేసుక్కూచుని మావారి కబుర్లు చెప్పింది. ఆయనకు గోంగూర ఇష్టమని నాకు చెప్పింది! నాకు తెలుసని అనలేదు, చెప్పనిచ్చాను. చివరికి లేస్తూ, "వెళ్ళొస్తాను నాగరత్తమ్మా, మధ్యాహ్నానికి పేట చేరాలి" అన్నాను.

"పేటకా? ఎనక్కా?" అంది. "సంచి తీసకపోను రాలేదా నువ్వు?"

"ఏ సంచి?"

"అన్న పెస్తానం పెట్టిపొయ్యాడే, ఆ సంచి. నీకు చెప్పలా?"

చెప్పలేదు. ఇక్కడ ఒక్క మాట వివరించాలి, పట్నం పాఠకుల్లో కొందరికి తెలియకపోవచ్చు. దూరప్రయాణానికి మంచి ముహూర్తం ఉండి, ఆ వేళకు బయలుదేరే వీలు లేకపోతే, మన సామాన్లలో ఒకటి తీసుకెళ్ళి ఆ ముహూర్తానికి దారిలో ఉన్న ఇంకొకరింట్లో పెడతారు. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్ళి, ఆ సంచి అందుకుని ముందుకు సాగిపోవచ్చు. ఒక్కటే నియమం, ప్రయాణం ముగిసేదాకా ఆ సంచి తిరిగి ఇల్లు చేరకూడదు. మావారు పంచాంగాన్ని వెక్కిరించే మనిషి, అంటే నా ఎదుట. డాక్టరు పెళ్ళానికి లోకువైపోతానని కాబోలు, నాగరత్తమ్మ చెప్పినదాన్ని బట్టి, దొంగచాటుగా దశమి చూసుకుని ఇక్కడ సంచి పెట్టి, కూపన్లు రాగానే నన్ను తీసుకుని నైజాం వెళ్దామనుకున్నారు. ఆ దశమి తర్వాత నాలుగోనాడు జ్వరం వచ్చింది.

"ఆయన పోయాక కబురు చెయ్యొచ్చుగా?" అన్నాను. నా గొంతు కటువుగా వచ్చిందనుకుంటాను.

"ఎట్టా చేసేది వదినా? కబురు చేస్తే ఎవురో వచ్చి ఇంటికి తీసకపోతారు. అన్న పయానం సచ్చిపోద్ది. ఎప్పుడోకప్పుడు నువ్వొస్తావులే అని అటక మీద పెట్టా. ఎలకలు కొట్టకండా ఏపాకు మారుస్తానే ఉన్నా" అని అటక మీంచి దించింది. కాన్వాసు సంచి, మూతికి తోలు పట్టా. నేను మూణ్ణెల్లు వెతికి, పోయిందనుకున్న సంచి.

ఇస్తే ఇంటికి తీసుకుపోతానన్నాను. ఆవిడ సంచి గట్టిగా పొట్టకు అదుముకుంది. "ఎనక్కైతే ఇయ్యను. ముందుకైతే తీసకపో" అంది. నాకు కోపమొచ్చింది. ఇదేం చాదస్తం అన్నాను. "చాదస్తమే, కాదన్లా. అన్న నా మీద నమ్మకంతో పెట్టిపొయ్యాడు. ఇంక నీ ఇష్టం" అంది, సంచి మాత్రం వదల్లేదు. ఇద్దరం ఆ పూరిపాక మధ్యలో సంచి కోసం చిన్నపిల్లల్లా నిలబడ్డాం. రేవు ఎంత దూరమని చివరికి నేనే అడిగాను. పొందుగల ఆరు మైళ్ళు అంది. సంచి నా చేతిలో పెట్టింది.

పెట్రోలు డబ్బాను కాళ్ళ దగ్గరికి దించి, పక్క సీట్లో సంచి పెట్టి అదే తాడుతో కట్టాను. ఇంజను లేపబోతుంటే నాగరత్తమ్మ "ఆగు, కదలబాక" అని లోపలికి పరిగెత్తింది. ఏదో మూట తెచ్చి నా ఒళ్ళో పడేసింది, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. మళ్ళీ లోపలికి పోయి ఈసారి నీళ్ళబిందె చంకన పెట్టుకుని, కొప్పులో పువ్వు సర్దుకుని, రోడ్డు మీద ఇరవై బారల దూరం నడిచి వెళ్ళి ఇటు తిరిగింది. ముత్తైదువ నిండు బిందెతో ఎదురు వస్తోంది, నాకు. చుట్టూ కాఫీ తాగేవాళ్ళంతా చూస్తున్నారు. వీధిలో అందరూ తప్పుకు తిరిగే మనిషికి శకునం ఇవ్వడం కోసం ఆవిడ సినిమాలో రాణిలా మెల్లగా నడిచి వచ్చింది. కారు పక్కకు రాగానే "పో ఇంక" అంది. నేను కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది.

పొందుగల రేవులో ఒడ్డుకూ నీటికీ మధ్య ఇసక చాలా ఉంది. రేవువాళ్ళు జొన్నచొప్ప పరిచి దారి చేస్తారు. చక్రాల్లో గాలి కొంచెం తీసేసి, మొదటి గేరులో ఆపకుండా పోనివ్వాలి, ఆగితే దిగబడుతుంది. రెండు పెద్ద పడవలు కలిపి పైన పలకలు బిగించిన బల్లకట్టు మీదికి కారెక్కించి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టారు. కారుకి రెండు రూపాయలు, మనిషికి అణా. పది గంటల ఎండలో కృష్ణ నీలంగా, నింపాదిగా ఉంది. గెడలు వేస్తున్న సరంగు ఒకడు సంచిని చూసి "ఈ సామానుకి ఏరే ఇయ్యక్కర్లా, మనిషికే అణా" అన్నాడు. నేను మాత్రం ఇద్దరు మనుషుల లెక్కన రెండణాలిచ్చాను. కృష్ణ మధ్యలో ఉండగా ఇటు చూస్తే మన దేశం, అటు చూస్తే పరదేశం, రెండు ఒడ్లూ ఒకే రంగు రాళ్ళు.

అవతల వాడపల్లి ఒడ్డున నైజాం వాళ్ళ కరోడ్‌గిరీ నాకా ఉంది, అంటే సుంకం చావడి. రూమీ టోపీ పెట్టుకున్న మున్షీగారు కాగితాలు చూసి, నెంబరు రాసుకుని, సంచి వైపు వేలు చూపించారు. "గా సంచిల ఏమున్నది? ఎవరిదది?"

"మావారిది. ఏమున్నదో నాకూ తెలియదు" అన్నాను.

"తెల్వకుంటే ఎట్లనమ్మా? ఇప్పి చూపెట్టుండ్రి."

అలా, పరాయి రాజ్యంలో, సుంకం బల్ల మీద, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఆ సంచి విప్పాను. పైన ఒక తువ్వాలు, ఆయన బనీను. దాని కింద నా ఊలు శాలువా. అది పోయిందని చాకలి మీద ఎంత విసుక్కున్నానో! ఒక రేకు డబ్బాలో సున్నుండలు, బూజుపట్టి గులకరాళ్ళైపోయాయి. అడుగున ఇంగ్లీషు పత్రిక కాగితంలో చుట్టిన పలకలేవో చేతికి తగిలాయి. విప్పితే రెండు రేకు బోర్డులు. తెల్ల రంగు మీద ఎర్రటి ఎల్ అక్షరం. మస్తాన్ కత్తిరించిన కిరసనాయిలు రేకు కాదు, మద్రాసులో చేయించిన ఖరీదైన బోర్డులు, మూలల్లో కట్టుకోవడానికి కొత్త దారం కూడా ఎక్కించి ఉంది.

ఊళ్ళో నవ్వుతారని నేర్పనన్న మనిషి, నవ్వేవాళ్ళెవరూ లేని చోట నేర్పాలనుకున్నారు. నైజాంలో ఖాళీ రోడ్డు మీద, ఎవరికీ తెలియకుండా. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. మున్షీగారు కుర్చీలోంచి లేచి నీళ్ళు తెప్పించారు. తాగేదాకా ఆగి, బోర్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "గివి నేర్సుకునేటోళ్ళు కట్టుకునేటివి గద. ఇవి కడితె పక్కకు నేర్పేటాయన కూసోవాలె. ఏడి?" అన్నారు.

"నేను నేర్చేసుకున్నానండీ. ఇక కట్టక్కర్లేదు" అన్నాను. ఆ మాట అంటుంటే, మావారికి చెప్పకుండా ఏదో చేసేసినట్టు అనిపించింది.

మున్షీగారు బోర్డులు మళ్ళీ అదే కాగితంలో చుట్టి, శాలువా మడత పెట్టి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్దారు. "వాడిన సామాను. సుంకం లేదు" అని, ఆ బూజుపట్టిన డబ్బాను కూడా సంచిలోనే పెట్టారు.

వాడపల్లి దాటాక మిర్యాలగూడెం వైపు రోడ్డు అయిదారు మైళ్ళు నిటారుగా ఉంటుంది. మన రోడ్డు కన్నా నునుపు, ఒక్క బండి కూడా కనపడదు. ఆయన అనుకున్న రోడ్డు ఇదే అయివుంటుంది. గంటకు యాభై మైళ్ళు తోలాను. గాలికి ముడి ఊడింది, ఊడనిచ్చాను. క్లచ్చి మీద కాలు తియ్యి, హారను కొట్టు, అంత తొందరేంటి అని ఆయన అనాల్సిన మాటలన్నీ నేనే అనుకుంటూ తోలాను. రోడ్డు చివర ఆపి పక్కకు చూశాను. సంచి ఉంది. మనిషి లేడు. ఎంత దూరం పోయినా మనిషి ఉండడు, సింహళం పోయినా ఉండడు. అది నాకు అప్పుడు స్పష్టంగా తెలిసింది. తెలిసినా వెనక్కి పారిపోవాలనిపించలేదు. వాడపల్లికి తిరిగొచ్చి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టెలు తిన్నాను. వెల్లుల్లి కారం నషాళానికి అంటింది. సున్నుండలు చేపలకు వేశాను, అవి కూడా తినలేదు.

మూడు గంటల బల్లకట్టు ఆఖరిది కాదు గానీ, దాన్ని పట్టుకుంటేనే వెలుతురుండగా పేట చేరగలం. దాచేపల్లిలో ఆగకుండా హారను మాత్రం కొట్టాను, నాగరత్తమ్మ గరిటె ఊపింది. దీపాలు పెట్టేవేళకు పేట చేరాను. కానీ ఇంటికి వెళ్ళలేదు. మా ప్రయాణం లంక దాకా, అది ముగిసేదాకా సంచి ఇల్లు చేరకూడదు కదా. ఊరి వెలుపల చిలకలూరిపేట రోడ్డు మీద మస్తాన్ షెడ్డు ఉంది, మద్రాసు పోవాలంటే అదే దారి. కారు అక్కడ ఆపి సంచి అతని చేతికిచ్చాను. జరిగింది చెప్పాను. ప్రస్థానం అంటే ఏమిటో కూడా చెప్పాను.

"ఎన్నాళ్ళు ఉంచాలమ్మా?" అన్నాడు.

"పెట్రోలు దొరికిందాకా. రేపు గుంటూరు ఆయన వస్తే, కారు అమ్మకానికి లేదని చెప్పు."

మస్తాన్ పనిముట్ల పెట్టె జరిపి గోడకు ఒక మేకు కొట్టి, సంచి దానికి తగిలించాడు. "మీరే చెప్పండమ్మా. ఆయనకి నేను చెప్తే నమ్మడు" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

ఈ రాత ముగించే వేళకు ఆ సంచి ఇంకా అక్కడే ఉంది. కూపన్ల కోసం అర్జీ పెట్టాను, స్టీమరు కంపెనీకి రాశాను. ఒంటరితనం తగ్గిందని అబద్ధం చెప్పను. పక్క సీటు ఖాళీగా ఉన్న కారు తోలడం కష్టం. ఎడమ చెయ్యి ఊరికే అటు వెళ్తుంటుంది. కానీ ఆయన నాకంటే ముందు దశమినాడు బయలుదేరారని, నేనే ఇంకా కదల్లేదని ఇప్పుడు తెలుసు. కదులుతాను. ఇక మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నేను చెప్పగలిగిన ఉపయోగమైన మాట ఒకటే. ముహూర్తం నమ్మండి, మానండి, అది మీ ఇష్టం. ప్రస్థానం పెడితే మాత్రం, సంచి ఎవరింట్లో పెట్టారో పక్క సీట్లో కూర్చోబోయే మనిషికి ఆ రోజే చెప్పండి.